కొమురమ్మ జుట్టుకోళ్లు

అమీర్‌పేటలో తెల్లవారడం సూర్యుడి చేతిలో లేని రోజులు కొన్ని ఉన్నాయి. మైత్రీవనం వెనక సందుల్లో, హాస్టళ్ల గోడల నడుమ ఇరుక్కుపోయిన ఒక చిన్న దొడ్డిలో పటేలు అనే కోడిపుంజు మెడ సాచి కూస్తే తప్ప అక్కడ ఎవరికీ తెల్లవారేది కాదు. ఆ కూత విని, బేగంపేటలో దిగాల్సిన విమానం ఒకటి తననే పిలుస్తున్నారనుకుని ఇటు తిరిగిందని చెప్పుకునేవారు. విమానం సంగతి నమ్మకపోయినా నష్టం లేదు. పొద్దున్నే జావా క్లాసులకు పరుగెత్తే కుర్రాళ్లు పటేలును నమ్ముకుని అలారం గడియారాలు ఊళ్లోనే వదిలేసి వచ్చేవారన్నది మాత్రం ముప్పాతిక నిజం.

ఆ దొడ్డి ఇద్దరు అన్నదమ్ముల కోర్టు తగాదాలో ఉంది. ఒకడు కట్టకుండా ఇంకొకడు, ఇద్దరూ కట్టకుండా కోర్టు అడ్డుపడుతుండగా, మూడోవాడెవడూ ఆక్రమించకుండా కాపలాకని ఒక మూల రేకుల గది వేసి అంబదాసు దంపతులను ఉంచారు. అంబదాసు సిరిసిల్ల సాలెవాడు. పంజగుట్ట మలుపులో చిన్న డబ్బా కొట్టు పెట్టుకుని, ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు ప్యాంట్లు పొడుగు తగ్గించడం, చొక్కాలు బిగించడం చేసేవాడు. దేశం నలుమూలల నుంచీ వచ్చిన పిల్లల నడుములన్నీ అతని టేపుకు తెలుసు.

కోళ్లు మాత్రం అతనివి కావు. అతని భార్య కొమురమ్మవి.

మగ్గాలు ఆగిపోయిన ఏడు వాళ్లు సిరిసిల్ల విడిచి వస్తుంటే, కొమురమ్మ తల్లి గంపలో ఒక పెట్టను పెట్టి కూతురి చేతికిచ్చింది. నెత్తిన ఈకల కుచ్చు ఉన్న జుట్టుకోడి. పెళ్లికూతురి జడలో ముద్దబంతి తురిమినట్టు ఉంటుంది ఆ కుచ్చు. బస్సులో కండక్టరు కోడికి టికెట్టు కొట్టాలన్నాడట. సిద్దిపేట దాటకముందే కోడి సీటు కింద గుడ్డు పెట్టిందనీ, కండక్టరు ఆ గుడ్డు జేబులో వేసుకుని నోరు మూసుకున్నాడనీ కొమురమ్మ చెప్పేది. ఆ పెట్ట పిల్లలు, పిల్లల పిల్లలు, అలా ఇరవై ఏళ్లుగా దొడ్డిలో కుచ్చులూపుకుంటూ తిరుగుతున్నాయి. అమ్మగారింటి నుంచి ఆమె వెంట వచ్చినవాటిలో చీరలు చిరిగాయి, ఇత్తడి చెంబు సొట్టలు పడింది, అమ్మ కూడా పోయింది. కోళ్లు మాత్రం మిగిలాయి.

మొదట్లో వాటికి గూడు లేదు. పిల్లులు రెండు మూడుసార్లు పిల్లల్ని ఎత్తుకుపోయాక కొమురమ్మ మొగుడి వెంట పడింది.

"ఏమయ్యా, గా గోడకు నిలబెట్టిన మగ్గం కట్టెలు ఏం జేస్తవ్? చెదలకు మేపుతవా?"

"మా నాయిన మగ్గమే అది. దాన్ని ముట్టకు."

"మీ నాయిన వొచ్చి నేస్తడా ఇప్పుడు? బొందల పన్నోని మీద పెట్టిన ప్రేమ నా పిల్లల మీద పెట్టవైతివి."

అంబదాసు పది రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం రంపం తెచ్చి, తండ్రి మగ్గాన్ని తనే కోశాడు. నేసిన బట్ట చుట్టుకునే తొరమాను, కోళ్లు ఎక్కి కూర్చునే అడ్డకర్ర అయింది. మగ్గం కాళ్లు గూటికి నాలుగు మూలలా నిలిచాయి. కోచింగ్ సెంటర్ల వాళ్లు పారేసిన పాత కంప్యూటర్ల డబ్బాలు ఏరుకొచ్చి, లోపలి గాజుబుడ్డి తీయించి, ఊక పోసి, గుడ్లు పెట్టే గూళ్లుగా వరసగా బిగించాడు. ఒక్కో పెట్ట ఒక్కో తెరలో కూర్చుని బయటికి చూస్తుంటే, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలే అనిపించేది. పొద్దున్నే తలుపు తీస్తే కాన్వెంటు బడి పిల్లల్లా ఒకదాని వెనక ఒకటి దిగేవి. చివర పటేలు, సిస్టరమ్మలా, తలెత్తుకుని.

గూడు కట్టాడే గానీ అంబదాసు మళ్లీ అటు చూసింది లేదు. కోళ్లు ఆడవాళ్ల సంగతి అని వాళ్ల వంశంలో ఒక లెక్క. సాయంత్రం కొట్టు నుంచి తెచ్చుకున్న గుడ్డలు గదిలో మిషను మీద కుడుతుంటే, కొమురమ్మ గడపలో కూర్చుని ఆ రోజు దొడ్డి వార్తలన్నీ చెప్పేది. పెట్టలకు ఆమె పెట్టిన పేర్లు ముసలమ్మ, పెద్దకోడలు, చిన్నకోడలు. మిషను చప్పుడులో అతనికి సగం వినపడేది కాదు. మధ్య మధ్య "ఆఁ" అనేవాడు.

"ముసలమ్మ, పెద్దకోడలు గుడ్లు బందు జేసినయి. ఇగ చిన్నకోడలే దిక్కు."

"ఆఁ."

"నిన్న పిల్లపుంజును సుత పిల్లి కొట్టింది. ఏటా ఒకదాన్ని వెనకేసుకుంట గద, గీ యేడు అదే. ఇగ పటేలు ఒక్కడే ఉన్నడు. జర పైలం."

"ఆఁ."

"నేనేమన్న?"

"పటేలు పైలంగ ఉన్నడన్నవ్."

"నీ చెవులల్ల దారపుండలు వెట్టుకున్నవా?" అని ఆమె నవ్వేది.

పటేలుకు శత్రువులు పిల్లులొక్కటే కాదు. ఒకసారి పటేలు తోక ఈక ఒకటి అంటుకున్న ప్యాంటు వేసుకుని పోయిన కుర్రాడికి బెంగళూరులో పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆ కబురు హాస్టళ్లలో పాకింది. ఇంటర్వ్యూ సీజను వచ్చిందంటే చాలు, పిల్లలు గోడ దూకి ఈకలు పీకేవాళ్లు. అమెరికాలో మార్కెట్ కూలి ఉద్యోగాలు ఊడిన ఏడాదైతే పటేలుకు తోకే మిగల్లేదు. కొమురమ్మ చీపురు పట్టుకుని తరిమేది. "చదువుకొని పోండ్రి బిడ్డా! నా పటేలు చదివిండా మీ ఒరాకిలు?"

పక్కనే ఛాయాదేవి గారి ఆడపిల్లల హాస్టల్లో వంటచేసే వీర్రాజుకు మాత్రం ఈక కాదు, పుంజే కావాలి. గోదావరి మనిషి. కోళ్ల ఊసెత్తితే పొయ్యి మీద సాంబారు మాడిపోయినా కదిలేవాడు కాదు. హాస్టల్లో మిగిలిన అన్నం అతను గోడ మీదుగా ఇచ్చేవాడు. బదులుగా కొమురమ్మ గుడ్లు ఇచ్చేది.

"అమ్మా కొమురమ్మ గారూ, మా తాతగారి పుంజు ఉండేదండీ, కాలవకి ఆ ఒడ్డున పెట్ట కనపడితే ఈదుకుంటా ఎళ్లిపోయేదండీ. దాని తర్వాత పుంజంటే మీ పటేలేనండీ. ఇచ్చేయండి, ప్రాణంలా చూసుకుంటాను."

"ఈదుడు నేర్పినోనికి ఇయ్యనయ్యా. పటేలు పోతె నా దొడ్డి కతం."

ఫాల్గుణం చివర్లో, ఎండలు అప్పుడే ముదురుతుండగా, వీర్రాజు దాళ్వా వరికోతలకని ఊరికి పోయాడు. అతను వెళ్లిన వారంలోనే ఒకనాటి పొద్దున కొమురమ్మ కోళ్లకు జొన్నలు చల్లుతూ చల్లుతూ దొడ్డిలోనే కూలబడింది. అంబదాసు ఆటోలో పంజగుట్టలోని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ట్రాఫిక్కులో ఆటో ఆగిన ప్రతిచోటా ఆమె ఏదో చెప్పబోయింది. మిషను చప్పుడు లేకపోయినా ఈసారీ అతనికి వినపడలేదు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఇంటికి తెచ్చి స్నానం చేయించేటప్పుడు చూస్తే, కొంగుముడిలో జొన్నలు అలాగే ఉన్నాయి.

భీవండి నుంచి కూతురు బిందు వచ్చింది. సిరిసిల్ల నుంచి కొమురమ్మ తమ్ముడు నర్సింహులు వచ్చాడు. పంజగుట్ట స్మశానంలో దహనం అయింది. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టే దాకా ఎదురుచూడాలి. కాకి ముడితే ఆత్మ తృప్తి పడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

"బావా, కోడికూర చెయ్యాలె గద. పోయి బాయిలరు పట్కొస్త," అన్నాడు నర్సింహులు.

అంబదాసు ఆ మాటకు గయ్యిమన్నాడు. "బాయిలరా? మీ అక్క ఎన్నడన్న బాయిలరు ముట్టిందా? దూదిలెక్క ఉంటదని ఉమ్మేసేది. సచ్చినంక దూది తినిపిస్తవా?"

"మరి నాటుకోడి ఏడ దొర్కుతది ఇప్పుడు?"

"దొర్కుడేంది? ఆమె చేత సాదిన పుంజే ఉన్నది."

నర్సింహులు తటపటాయించాడు. "పటేలునా బావా? అక్కకు పానం గదా అది."

"అందుకే. ఆమెకు పెట్టేది ఆమెదే పెట్టాలె. వేరేది పెడితె నాకు సిగ్గు."

బిందు ఏడుస్తూ గదిలోకి పోయింది. పటేలు అంబదాసు చేతికి సులువుగా దొరికింది. ఎన్నడూ దగ్గరికి రాని మనిషి పిలిచాడని వింతపడి, తనే నడుచుకుంటూ వచ్చింది.

మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, పచ్చిపులుసు, పక్కన సీసాలో కల్లు పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. స్మశానం గోడ అవతల పంజగుట్ట మలుపులో హారన్లు. గోడ మీద కాకులు బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది.

"అమ్మా, నాయినను నేను అరుసుకుంట. దిగమ్మా," అంది బిందు. కాకులు కదల్లేదు.

"అక్కా, ఎల్లమ్మ తల్లికి నువ్వు మొక్కిన చీర నేను పెడత," అన్నాడు నర్సింహులు. ఒక కాకి ముక్కు గోడకు రాసుకుంది, అంతే.

అప్పుడు అంబదాసు ముందుకు పోయాడు. కాళ్లు కాలుతున్నాయి. చేతులు జోడించాడు.

"కొమురమ్మా, మీ అమ్మ ఇచ్చిన కోళ్లు. వాటి జాతి తెగనియ్య. నా పానం ఉన్నంత దాంక సాదుత. నా మాట ఇను. ముట్టవే."

మాట పూర్తి కాకముందే ఒక కాకి దబ్బున దిగింది. అన్నం వైపు చూడనైనా లేదు. కూరలో పెద్ద తొడముక్క చూసుకుని, ముక్కున కరుచుకుని లేచిపోయింది. వెనకే మిగతావన్నీ దిగాయి. నర్సింహులు కళ్లు తుడుచుకున్నాడు. "చూసినవా బావా, గదే ఆమె మనసుల ఉన్నది," అన్నాడు. అందరూ అవునన్నారు. అంబదాసు ఆ మూడు రోజుల్లో మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చాడు. ఏ విస్తరి ముందు నిలబడి ఏ మాట ఇచ్చాడో ఆ ఎండలో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు అమీర్‌పేటకు సరిగా తెల్లవారలేదు. సగం హాస్టళ్లు క్లాసులు తప్పాయి. గోడ మీద నుంచి ఒక కుర్రాడు తొంగిచూసి, "అంకుల్, పటేలు ఏడీ?" అనడిగాడు. "ఆంటీతోని పోయిండు," అన్నాడు అంబదాసు. కుర్రాడు తల దించుకుని గోడ దిగిపోయాడు. తర్వాత వాళ్లంతా ఒక్కొక్కరే సెల్‌ఫోన్లు కొనుక్కున్నారు.

బిందు ఉన్నన్నాళ్లూ వంట తనే చేసింది. చిన్నకోడలు రోజూ కంప్యూటరు డబ్బాలో గుడ్డు పెట్టి అరిచేది. ఇచ్చిపుచ్చుకోవడం తెగకూడదని ఆ గుడ్లను అంబదాసు ఛాయాదేవి గారి హాస్టలుకే పంపాడు. పదకొండో రోజు కర్మ ముగిసి కూతురు భీవండి బస్సెక్కాక ఇంటికి వస్తే పొయ్యి చల్లగా ఉంది. అన్నం వండబుద్ధి కాలేదు. డబ్బాలో వెచ్చగా ఒక గుడ్డు కనిపించింది. ఉడకబెట్టుకుని, ఉప్పు అద్దుకుని, నిలబడే తిన్నాడు. పొట్ట నిండలేదు గానీ ఆకలి చచ్చింది.

ఆ తర్వాతే గుడ్లు దాయడం మొదలుపెట్టాడు. మాట ఇచ్చినవాడు కదా. ఊక పోసిన కుండలో ఒక్కొక్కటీ పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేవాడు. కొన్ని రోజులు గడిచాక చిన్నకోడలు డబ్బా దిగడం మానేసింది. చెయ్యి పెడితే ఈకలు బూరించి, బొంగురుగా గొణిగింది. పెట్ట పొదుగుకు వచ్చిందంటే అలా గొణుగుతుందని కొమురమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ ఒక్కటీ అతనికి ఎలా వినపడిందో గానీ గుర్తుంది. సంతోషంతో అంబదాసు పరుగున గంప తెచ్చాడు.

నవ్వేవాళ్లు నవ్వవచ్చు. పుంజు లేనిదే పిల్ల ఎలా వస్తుందని సిరిసిల్లలో పాలుతాగే పిల్లను అడిగినా చెబుతుంది. అంబదాసుకూ తెలియక కాదు. కానీ పెట్ట గుడ్లు పెట్టడం ఆపలేదు. రోజూ పెట్టింది, పొదుగుకు కూర్చుంది, గొణిగింది, అన్నీ సక్రమంగా జరిగాయి. ఇన్నేళ్లు పటేలుతో కాపురం చేసిన పెట్ట కదా, ఆ సత్తువ దాని ఒంట్లోనే ఉంటుందనుకున్నాడు. కాకి మాట వింది, కాబట్టి జరిగి తీరుతుందనీ అనుకున్నాడు. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషి లెక్కలు అలాగే ఉంటాయి.

గంపలో వరిగడ్డి, దాని మీద కొట్టులో మిగిలిన మెత్తటి గుడ్డపేలికలు పరిచాడు. గుడ్లు సరి సంఖ్యలో పెట్టకూడదంటారు, ఒకటి తీసేశాడు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గంపలో ఇనుము పెట్టాలి. ఏటా కొమురమ్మ అతని కత్తెర అడిగేది. "అన్నం పెట్టే కత్తెర కోడికింద పెడతవా?" అని అతను కసిరేవాడు. ఆమె పాత తాళం ఏదో వెతుక్కునేది. ఈసారి అంబదాసు తన పెద్ద కత్తెరనే, తుడిచి, నూనె రాసి, గుడ్ల పక్కన పెట్టాడు. కత్తెర లేక కొట్టు తెరవలేదు. ఇంటర్వ్యూ పిల్లలు ప్యాంట్లు మడతపెట్టి పిన్నులు గుచ్చుకుని పోయారు.

రోజుకొకసారి చిన్నకోడలు దిగి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, పరుగున మళ్లీ ఎక్కేది. మూత వేసిన గంప పక్కన మోడా వేసుకుని అంబదాసు కూర్చునేవాడు. పొద్దున్నే ఎండ పడకుండా పాత చీర కట్టేవాడు. సాయంత్రం చుట్టూ నీళ్లు చల్లేవాడు. ఇరవై ఏళ్లు "ఆఁ" అన్న మనిషి ఇప్పుడు తనే కబుర్లు చెప్పేవాడు.

"చిన్నకోడలా, ఇయ్యాల గూడు మీద కప్పు మార్చిన. వచ్చేటోళ్లకు ఎండ తగలొద్దు గద. పిల్లులు రాకుండ ఇనుప జాలి సుత కొట్టిన. ఒక పుంజు వొస్తే వానికి పటేలనే పేరు. ఏమంటవ్?"

కోడి గొణిగేది. అది "ఆఁ" అన్నట్టే ఉండేది.

మూడు వారాలైనాయి. గంపకు చెవి ఆనించి విన్నాడు. లోపలి నుంచి పిల్ల ముక్కుతో పొడిచే చప్పుడు రావాలి. రాలేదు. ఎండాకాలం కదా, ఆలస్యమవుతుందేమో అనుకున్నాడు. ఇంకా కొన్ని రోజులు పోయాయి. చిన్నకోడలు దిగడం తగ్గించింది. కుచ్చు వాడిన పువ్వులా వాలింది. రొమ్ము ఎముక చేతికి తగులుతోంది. అయినా లేవదు.

వీర్రాజు ఊరి నుంచి వచ్చిన రోజు గోడ దూకి మరీ వచ్చాడు. కొమురమ్మ సంగతి హాస్టల్లో విన్నాడు. అంబదాసు చేతులు పట్టుకున్నాడు.

"నాలుగు మెతుకులు ఎక్కువ పెట్టమని గోడ దగ్గర దెబ్బలాడేదండీ నాతో. ఇంకెవరు తిడతారండీ నన్ను?" అన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ గంప వైపు చూశాడు. "పొదగేశారా? మంచి పని చేశారండీ. ఎన్నాళ్లయింది?"

"నెల కావొస్తుంది అన్నా. గీ ఎండలకు జర లేటైతున్నట్టుంది."

వీర్రాజు ముఖం మారింది. గంప ముందు కూర్చుని, పెట్ట కింద చెయ్యి దూర్చి ఒక గుడ్డు తీశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్లు కదిలినట్టు గుళగుళలాడింది. ఎండకెత్తి చూశాడు.

"ఖాళీ అండీ ఇది. ముందు నుంచీ ఖాళీయే." ఇంకొకటి తీశాడు, ఇంకొకటి తీశాడు. "ఏంటండీ ఇది, అంబదాసు గారూ? పటేలుండగా ఇలా ఎందుకవుతుందండీ? ఏడీ వాడు? వచ్చిన దగ్గర్నించీ కూత కూడా వినపడలేదు."

పంజగుట్ట గోడ మీద కాకి, దాని ముక్కున తొడముక్క, తన నోటి నుంచి వచ్చిన మాట, అన్నీ ఒక్కసారే అంబదాసు ముందు నిలబడ్డాయి. దారం తెగిన మిషనులా నోరు ఊరికే ఆడింది.

"కొమురమ్మకు పెట్టిన," అన్నాడు చివరికి. "పిట్టకు. వాన్నే పెట్టిన అన్నా."

వీర్రాజు గుడ్లను ఒక్కొక్కటే మళ్లీ పెట్ట కింద దూర్చాడు. ప్రతి మాటకూ తాతగారి పుంజును లాక్కొచ్చే మనిషికి ఆ పూట ఒక్క కోతా దొరకలేదు.

"పోన్లెండి. పుంజు పోయాక కూడా వారం, పది రోజులు పెట్ట పెట్టే గుడ్లలో జీవం ఉంటుందండీ. మొదట్లో పెట్టినవేమైనా వీటిలో..." అని ఆగాడు.

అంబదాసు తల అడ్డంగా ఊపాడు. మొదటి గుడ్లన్నీ ఛాయాదేవి గారి పిల్లలు ఆమ్లెట్లు వేసుకు తిన్నారు. ఆఖరిది తను తిన్నాడు. ఉప్పు అద్దుకుని, నిలబడి, తోడుకు నీళ్లు కూడా తాగకుండా. ఆ రుచి ఇప్పుడు నాలుక మీదికి వచ్చింది. లేచి దొడ్డి మూలకు పోయి, ముంతతో నీళ్లు తీసుకుని నోరు పుక్కిలించాడు.

"నేను ఊళ్లో ఉంటేనా!" అని వీర్రాజు నుదురు కొట్టుకున్నాడు. "సరే, ఇప్పటికీ మించిపోలేదండీ. పెట్ట ఉంది కదా. దీన్ని ఇవాళే లేపి, పొదుగు వదిలేలా నీళ్లలో ముంచి, గంప తీసేయండి. బాగా మేపండి. నేను ఒక పుంజును తెస్తాను. కుచ్చు సగమైనా వస్తుందండీ. సగం జాతైనా నిలబడుతుంది. ఇవాళే లేపాలి కానీ. ఈ ఎండకి తట్టుకోదు."

"రేపు లేపుత."

"ఇవాళే అండీ."

"లేపుత అన్నా. నువ్వు పో."

ఇవాళ లేపలేదు. రేపూ లేపలేదు. గంప దగ్గరికి పోయి చెయ్యి చాపేవాడు. చిన్నకోడలు తల ఎత్తి, ఆ వాలిన కుచ్చు కింద నుంచి చూసేది. నెల రోజులు నిండుగా నమ్మి కూర్చున్న దాని కింద నుంచి గుడ్లు లాగేస్తే, అవి ఉత్తవని దానికి ఎవరు చెప్పాలి? తనే చెప్పాలి. తన చేతులతోనే. చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. గింజలు గంపలోకే చల్లేవాడు. ముంతతో నీళ్లు ముక్కు దాకా పెట్టేవాడు. కొంచెం తాగేది. "ఇంకో పూట కూసోనీ," అనుకునేవాడు.

రోహిణి కార్తె ఎండ ఆ రెండు రోజులూ అమీర్‌పేట రోడ్డు మీద తారు కరిగించింది. మూడోనాడు పొద్దున వీర్రాజు వెదురు బుట్టలో పుంజుతో గోడ మీద ప్రత్యక్షమయ్యాడు. ఎర్రటి డేగ జాతి పుంజు. దింపగానే తొరమాను ఎక్కి ఒక కూత కూసింది. చాలా రోజుల తర్వాత ఆ సందులో కోడి కూసింది. రెండు మూడు హాస్టలు కిటికీలు తెరుచుకున్నాయి.

అంబదాసు గంప మూత తీశాడు. చిన్నకోడలు రెక్కలు రెండు వైపులా చాపి, ఒక్క గుడ్డూ బయట పడకుండా కప్పుకుని ఉంది. మెడ ఒక్కటే గంప అంచు మీద వాలి ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే తగిలింది. గుడ్ల వేడో, దాని వేడో.

"చెప్పాను కదండీ," అని మొదలుపెట్టిన వీర్రాజు, అంబదాసు ముఖం చూసి ఆపేశాడు.

దానిని గుడ్లతో సహా గూటి పక్కనే పాతిపెట్టారు. మట్టి కప్పబోతూ వీర్రాజు కత్తెర చూసి బయటికి తీశాడు. "ఇది అన్నం పెట్టేదండీ," అని అంబదాసు చేతిలో పెట్టాడు. ఉరుములకు ఆ ఏడు ఏమీ కాలేదు. అసలు ఉరుములే రాలేదు. డేగను మళ్లీ బుట్టలో పెట్టుకుని వీర్రాజు తీసుకుపోయాడు. గుడ్లు పెట్టని ముసలమ్మతో, పెద్దకోడలితో దానికేం పని?

అంబదాసు కొట్టు తెరిచాడు. ఉద్యోగాలు మళ్లీ జోరందుకున్నాయి, ప్యాంట్లు గుట్టలుగా వచ్చాయి. మిషను తొక్కుతూ తొక్కుతూ ఒక్కోసారి ఠక్కున ఆపి, గడప వైపు చెవి పెట్టేవాడు. ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. మళ్లీ తొక్కేవాడు.

పెద్దలకు పెట్టే పెత్తరమాసకు నర్సింహులు సిరిసిల్ల నుంచి వచ్చాడు. ఈసారి స్మశానానికి పోలేదు. దొడ్డిలోనే, గూటికి ఎదురుగా విస్తరి వేశారు. కూర లేదు. అన్నం, పచ్చిపులుసు, ఒక జొన్నరొట్టె, కల్లు. అంబదాసే వండాడు. మాడిన వాసన వస్తోంది.

కాకులు హాస్టలు నీళ్లట్యాంకుల మీద కూర్చున్నాయి. దిగలేదు.

"ఏదన్న చెప్పు బావా. మొన్న నువ్వు చెప్పంగనే దిగింది గద."

"ఇగ చెప్పెటందుకు నా తాన ఏమున్నదిరా?" అన్నాడు అంబదాసు. తర్వాత విస్తరి వైపు తిరిగి, గొంతు తగ్గించి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు. "కొమురమ్మా, మాట తప్పిన. నీకు పెట్టింది పటేలునే. వాడు పైలమని నువ్వు చెప్పినవ్, నేనే ఇనలే. చిన్నకోడలు సుత పోయింది. లేపుమంటె నేను లేపలే."

కాకులు ఆ మాట విన్నాయో లేదో, ఒక్కొక్కటే లేచి పంజగుట్ట వైపు పోయాయి. నర్సింహులు ముఖం వేలాడేశాడు. పొద్దు వాలింది.

అప్పుడు మగ్గం కట్టెల గూటిలో నుంచి ముసలమ్మ దిగింది. దానికి ఒక కన్ను కనపడదు. కుచ్చు తెల్లబడింది. తొట్రుపడుతూ, ఆగుతూ, దొడ్డి అంతా నడిచి విస్తరి దగ్గరికి వచ్చింది. మెడ చాచి ఒక మెతుకు పొడిచింది.

"ఉష్! ఉష్!" నర్సింహులు కండువా విదిలించి లేచాడు. "ఎంగిలి చేస్తుంది బావా, కొట్టు!"

అంబదాసు అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"తిననియ్యిరా. ఆమె చేతి జొన్నలు తిన్న నోరే గది."

ముసలమ్మ రొట్టెను ముక్కుతో తిప్పి తిప్పి, విరిగిన చోట వెతుక్కుని తింది. దాన్ని చూసి పెద్దకోడలు కూడా దిగింది. చీకటి పడకముందే రెండూ విస్తరి ఖాళీ చేసి, గూటిలోకి పోయి, తొరమాను మీద ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. అంబదాసు పోయి, పిల్లులు రాకుండా, గూటి తలుపు వేశాడు.